పరుపుల సాయిబు గారి పలక

పోయిన నెల మా ఆఫీసుకి హైదరాబాదు నుంచి ఒక సలహాదారు వచ్చాడు. మాది విజయవాడలో తెలుగు పుస్తకాలను ఈ-బుక్కులుగా మార్చే చిన్న కంపెనీ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ-బుక్కుల మార్కెట్ వచ్చే ఏడాది నుంచి పెరుగుతుందని చెప్పారు. ఇప్పటికీ అదే చెబుతున్నారు కాబట్టి మాట మీద నిలబడే మనుషులనే అనుకోవాలి. ఆ పెరుగుదల ఎక్కడ ఇరుక్కుపోయిందో కనిపెట్టడానికి ఈయన్ని పిలిపించారు. ఆయన తెర మీద రంగు రంగుల గీతలు చూపించి, ఆఖర్న పెద్ద గుట్టు విప్పుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు: నవలలో చివరి అధ్యాయానికి తాళం వెయ్యాలి, అక్కడిదాకా చదివినవాళ్ళకే అది తెరుచుకోవాలి. మా మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కాబట్టి మేమూ కొట్టాం.

నోరు మూసుకుని కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. "ఇది మా సత్తెనపల్లిలో ఎప్పుడో చేశారండీ" అన్నాను. ఏ సాఫ్ట్‌వేరుతో చేశారని అడిగాడు పాపం. "దబ్బనంతో" అన్నాను.

ఆ దబ్బనం మా పరుపుల సాయిబు గారిది. మార్కెట్ యార్డుకి తిరిగే సందులో ఆయన కొట్టు. లోపల దూది ఏకే మిషను, ముందు గదిలో అద్దె నవలలు. పేరు బోర్డు మీద ఉండేది గానీ దూది పట్టి కనిపించేది కాదు, ఎవరికీ దానితో పనీ పడలేదు. కనుబొమల మీద కూడా ఎప్పుడూ దూదే ఉండేది గనక ఆయన నిజంగా ఎప్పుడు నెరిశారో ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. పరుపులకీ నవలలకీ పొత్తేమిటని అడిగితే, "పరుపు నిద్ర పట్టడానికి, నవల పట్టకుండా ఉండటానికి. ఏది కావాల్నో నువ్వే తేల్చుకో" అనేవారు.

కొట్టులో నిలబడి ఆఖరి పేజీలు చదివేసి, పుస్తకం అక్కడే పడేసి పోయేవాళ్ళు ఆయన దృష్టిలో దొంగలు. జేబు కొట్టేవాడినైనా క్షమించేవారేమో గానీ వీళ్ళని క్షమించేవారు కాదు. అందుకని కొట్టులోకి వచ్చిన ప్రతి నవలకీ చివరి అధ్యాయాన్ని అంచు వెంట పట్టి, పరుపు దారంతో దబ్బనం పెట్టి కుట్టేసేవారు. అద్దెకి తీసుకున్నవాళ్ళు అక్కడిదాకా చదివాక కుట్టు తెంపుకోవచ్చు. పుస్తకం తిరిగొచ్చాక మళ్ళీ కుట్టేవారు. కుట్టు తెగకుండా వెనక్కి వచ్చిందంటే మాత్రం కళ్ళద్దాల మీదుగా చూసి, "ఏందమ్మా, పుస్తకం బాగాలేదా, ఇంట్లో బాగాలేదా?" అని అడిగేవారు. చాలామంది ఆడవాళ్ళు రెండో ప్రశ్నకే జవాబు చెప్పేవారు. ఆయన మిషను ఆపి వినేవారు.

హైస్కూల్లో ఉండగా ఒకసారి నేను, ఆయన కుట్టేసిన పేజీలను గొట్టంలా వంచి, ఒంటికన్ను పెట్టి లోపలికి చూస్తూ దొరికిపోయాను. "ఏంది, పుట్టలో పాముందో లేదో చూస్తన్నావా?" అన్నారు. ఆ తర్వాత నాకు అద్దెకిచ్చిన నవలలన్నిటికీ కుట్లు దగ్గరదగ్గరగా పడ్డాయి.

ఇంత నియమం పెట్టిన మనిషి జన్మలో ఒక్క నవల చదివి ఎరగరు. "మిఠాయి కొట్టోడు మిఠాయి తింటే కొట్టు మిగలదు" అనేవారు. చదివేది ఆయన భార్య. ఆవిడని నేను పిన్నీ అని పిలిచేదాన్ని, ఎందుకంటే మా అమ్మ ఆవిడని చెల్లెమ్మా అని పిలిచేది. కొట్టు వెనకే ఇల్లు. కొత్త నవల ఏదొచ్చినా ముందు లోపలికి వెళ్ళాలి. పిన్ని పొయ్యి దగ్గర కూర్చుని చదివేది. పులుసు మాడితే నవల బాగుందని అర్థం. బాగా మాడితే రెండో కాపీ తెప్పించేవారు. పూర్తయ్యాక వాకిట్లోకి వచ్చి పుస్తకం చేతిలో పెట్టి "కుట్టెయ్" అనేది, లేదంటే "తిప్పి పంపు" అనేది. మూడో మాట ఉండేది కాదు. ఆవిడ కుట్టెయ్ అన్న పుస్తకం ఎన్నడూ అటకెక్కలేదు. సాయిబు గారి వ్యాపారం మొత్తం ఆ ఒక్క మాట మీద నడిచింది, ఆ మాట ఆయనే అందరికీ చెప్పుకునేవారు.

తర్వాత టీవీ సీరియళ్ళు వచ్చాయి. సాయిబు గారు చలించలేదు. "టీవీకి కరెంటు పోయిద్ది. పుస్తకానికి పోదు" అన్నారు. ఆ తర్వాత ఊళ్ళో కరెంటు పోవడం తగ్గిపోయింది. దాని వెనకాలే ఫోన్లు వచ్చాయి. నవలలు అరల్లోనే ఉండిపోయాయి, మిర్చి సీజన్లో మాత్రం బస్తాల లారీలు ఆ సందులోంచి పోతుంటే దుమ్ముకి అందరూ తుమ్ముతారు గనక జనం ఉన్నట్టే అనిపించేది. అయినా ఆయన కొత్త పుస్తకాలు తెప్పించడం మానలేదు, పిన్ని చదవడమూ మానలేదు.

మానాల్సొచ్చింది. షుగరు పిన్ని కళ్ళ మీదికి వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేసి, మిగిలిన చూపు మిగిలినట్టు కాపాడుకోమని డాక్టరు చెప్పాడు. మిగిలిన చూపుకి గోడ గడియారం ముల్లు ఆనేది గానీ అచ్చు అక్షరం ఆనేది కాదు. పిన్ని ఏడవలేదు. పులుసు మాడటం ఆగిపోయింది, అంతే. చక్కటి పులుసు ముందు పెట్టుకుని సాయిబు గారు సగం వదిలేసి లేచేవారట.

అక్షరాలు కావాల్సినంత పెద్దవి చేసుకునే ఈ-బుక్ రీడర్లు ఉన్నాయని నోరు జారింది నేనే. పండక్కి ఇంటికొచ్చినప్పుడు మాటల్లో చెప్పాను. నేను తిరిగి విజయవాడ చేరేలోపు ఆయన మేనల్లుడి చేత ఆర్డరు పెట్టించారు. అది రాగానే అరచేతిలో పెట్టుకుని తూచి చూసి, నాకు ఫోన్ చేసి, "దూది బరువు లేదు. ఇందులో వేల పుస్తకాలంటే ఎవుర్ని నమ్మిస్తావమ్మాయ్?" అన్నారు. దానికి పలక అని పేరు పెట్టారు. చారల పరుపు గుడ్డతో, లోపల బూరుగు దూది కూరి, దానికో బుల్లి పరుపు కూడా కుట్టారు. కష్టం ఎక్కడొచ్చిందంటే, ఆ పలక మెనూలో ఎంత వెతికినా తెలుగు కనపడలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఎత్తిన అమ్మాయి ఈయన పేరు వినగానే హిందీలోకి దిగింది. "అమ్మా, నాకు హిందీ రాదు, మాది సత్తెనపల్లి" అన్నారు. తెలుగు వచ్చిన ఇంకో అమ్మాయికి కలిపారు.

"పలకలో తెలుగు లేదమ్మా."

"సార్, అది ప్రాబ్లం కాదు సార్. ఆ ఫీచర్ లేదు, అంతే."

"అది లేకపోవడమే గదమ్మా ప్రాబ్లం?"

ఆ అమ్మాయి, మీ సూచన పైవాళ్ళకి పంపిస్తాం సార్ అంది. ఆయన థాంక్స్ చెప్పి పెట్టేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు, నేనూ అదే వ్యాపారంలో ఉన్నాను గనక, కనపడినప్పుడల్లా "పైవాళ్ళు ఏమన్నా అన్నారా?" అని నన్ను అడిగేవారు.

ఫోన్లలో ఊరికే తిరిగే స్కాన్ చేసిన పుస్తకాలు ఎక్కించి చూశాం. అవి పేజీల ఫోటోలు కదా, అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటి పోతుంది. సగం చదివి పక్కకి లాగాలి, మిగతా సగం చదివి మళ్ళీ వెనక్కి లాగాలి. పిన్ని కాసేపు లాగి, "ఇది చదవడమా, దూది ఏకడమా?" అని పక్కన పెట్టేసింది.

అసలు కావాల్సింది వేరు. పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుంచీ, అక్షరం పెరిగితే వాక్యం తనంతట తాను కిందికి సర్దుకునేలా తయారు చెయ్యాలి. మా కంపెనీ చేసేది అదే, అంటే చేద్దామని కూర్చునేది అదే. ప్రచురణకర్త దగ్గర పుస్తకం పాత ఫాంటులో ఉంటుంది. దాన్ని మారిస్తే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. ఒక నవలలో హీరోయిన్ పేరున్న చోటల్లా ఖాళీ డబ్బాలు వచ్చాయి, ఆ పిల్ల ఎవరో తెలియకుండానే పెళ్ళి కూడా అయిపోయింది. అన్నీ సరిచేసి తీసుకెళ్తే ప్రచురణకర్త, "ఈ-బుక్ ఇస్తే ఊరంతా కాపీ కొట్టేస్తారండీ" అని వెనక్కి తగ్గుతాడు. ఊరంతా అప్పటికే కాపీ కొట్టి ఉంటుంది. ఇన్ని గండాలూ దాటి ఒక నవల చేతికి రావడానికి ఏడాది పట్టింది. ఆ లోపు మావైపు రైతులు పత్తి వేసి, తీసి, అమ్మి, మళ్ళీ విత్తనాలు కొన్నారు.

పలకలో లేని తెలుగు అక్షరాలను నవలతో పాటే కట్టి, నేనే తెచ్చి ఎక్కించాను. అక్షరాలను ఆఖరి సైజుకి పెంచితే తెర మీద గుప్పెడు మాటలే పట్టాయి. పిన్ని దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. పెదాలు కదిలాయి. పేజీ తిప్పింది. మళ్ళీ తిప్పింది. సాయిబు గారు గుమ్మంలో నిలబడి, ఏకిన దూదినే మళ్ళీ చేత్తో విడదీస్తున్నారు. కాసేపటికి లోపల్నుంచి మాడు వాసన వచ్చింది. ఆయన "స్టవ్ కట్టెయ్యి" అని మేనల్లుణ్ణి కేకేసి అటు తిరిగి నిలబడ్డారు.

వారానికో ఎప్పటికో పూర్తి చేసి పిన్ని వాకిట్లోకి వచ్చింది. పలక ఆయన చేతిలో పెట్టి "కుట్టెయ్" అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి దబ్బనం ఎక్కడ గుచ్చేది?" అన్నారు.

మధ్యాహ్నం పిన్ని పడుకున్న వేళల్లో పలకను అద్దెకిచ్చే ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. అప్పటికి నేను మరికొన్ని పుస్తకాలు ఎక్కించాను. ఒక టీచరమ్మ వచ్చి అడిగితే, "ఇచ్చింది ఒక్క నవలే. అందులో ఉన్నాయి గదా అని మిగతావి ముట్టుకోవద్దు" అని ఆవిడ దగ్గర మాట తీసుకుని ఇచ్చారు. ఆవిడ మాట తప్పలేదని ఇప్పటికీ నా నమ్మకం. ప్రపంచంలో ఏ కంపెనీకీ ఇలా మాట మీద నడిచే తాళం దొరకలేదు.

అంతా బాగుందనుకునేలోపు ఆ గుప్పెడు మాటలూ పిన్నికి అలుక్కుపోయాయి. ఈసారి డాక్టరు కూడా ఏమీ చెప్పలేదు. ఫోన్లో పుస్తకం చదివి వినిపించే గొంతు ఉందని నేను పెట్టి చూపించాను. హీరోయిన్ "ఛీ, పో అవతలికి" అన్న మాటని ఆ గొంతు రైల్వే స్టేషన్లో అనౌన్స్ చేసినట్టు చదివింది. పిన్ని ఓపిగ్గా రెండు అధ్యాయాలు విని, "ఈ చదివే పిల్లకి ఇంకా పెళ్ళి కాలేదనుకుంటా, ఏ మాట ఎట్టా అనాలో తెలీడంలా" అని ఆపించేసింది. ఆ రాత్రి అన్నం తినలేదని మర్నాడు సాయిబు గారు చెప్పారు. చెప్పి, కాసేపు దబ్బనానికి దారం ఎక్కించుకుంటూ కూర్చుని, "నేనే చదువుతాలే. వ్యాపారం గదా, ఆమె ఏదో ఒకటి తేల్చాల గదా" అన్నారు.

అలా అరవై దాటాక ఆయన మొదటిసారి నవల పట్టారు. సాయంత్రం మిషను కట్టేసి, గుమ్మంలో కూర్చుని చదివేవారు. బతుకంతా మిషను పక్కన అరిచి మాట్లాడిన మనిషి కాబట్టి మెల్లగా చదవడం రాదు. ప్రేమ సన్నివేశాలు యార్డు దాకా వినిపించేవి. "ఆమె కన్నులు చెమర్చాయి" అన్న వాక్యాన్ని "ఆరడుగులు బై నాలుగు" అన్నట్టు చదివేవారు. మధ్యలో ఆపి, "వీడికి పనీపాటా లేదా?" అని హీరో మీద కేకలేసేవారు. నాలుగు రోజులు దూరం నుంచి విన్న హమాలీలు అయిదో రోజు సరాసరి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నవ్వుకుంటూనే, తరువాయి ఏమయిందో చెప్పకుండా ఆయన్ని కదలనిచ్చేవారు కాదు. "నాకేం ఇంటరెస్టు లేదు, ఆమె కోసం చదువుతన్నా" అని వాళ్ళకి రోజూ చెప్పేవారు.

నేను ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆయన పలకలో చదువుతున్నది కొత్తగా వచ్చిన నవల. అందులో హీరో భార్యతో గొడవపడి, తిరిగొస్తానని చెప్పి రైలెక్కి పోతాడు. ఆవిడ స్టేషన్లో నిలబడి ఉంటుంది. సాయిబు గారు అక్కడ ఆపారు.

"వస్తాడు" అంది పిన్ని.

"రాడు" అన్నారు ఆయన.

"ఎందుకు రాడు?"

"పోయినోడు పోయినట్టే. రైలెక్కినోడు ఎవుడన్నా ఎనక్కొచ్చాడా?"

"గుంటూరు పాసింజరెక్కి రోజూ పోయొస్తన్నారుగా జనం!"

హమాలీలు పిన్ని పక్షం చేరారు. సాయిబు గారు పట్టుదలగా పందెం అన్నారు. పిన్ని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాడొస్తే నన్ను కొత్తపట్నం తీసుకుపోవాల. ఒకరోజు కొట్టు మూసి" అంది.

పిన్ని పుట్టిల్లు ఒంగోలు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిలు మీద కొత్తపట్నం సముద్రానికి తీసుకెళ్ళేవాడట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ అడగడం, "సముద్రం ఎక్కడికీ పోదు, కొట్టు మూస్తే గిరాకీ పోయిద్ది" అని ఈయన అనడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నదే. ఆయన అన్న మాట వెనక్కి తీసుకోగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

"కనపడదుగా పిన్నీ ఇప్పుడు" అన్నాను, నా నోటికి అడ్డూ ఆపూ ఉంటేగా.

"కనపడకపోతే ఏంది? ఇనపడుద్దిగా" అంది.

సాయిబు గారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే. వాడు రాకపోతే మాత్రం రోజూ ఇన్సులిన్ పొడిచేటప్పుడు నోరెత్తకూడదు" అన్నారు. పరుపు కుట్టినట్టు పొడుస్తాడని ఆవిడ రోజూ చేసే యాగీ అందరికీ తెలుసు. "అమ్మాయ్, నువ్వే సాక్షి" అని నా వంక చూశారు. మొహంలో ఏమీ కనపడలేదు. ఆ మొహంలో ఎప్పుడూ ఏమీ కనపడేది కాదు, అదొక దూది బస్తా.

రెండు రోజులకే ఆయన పోయారు. పొద్దున్నే దూది ఏకుతూ ఆ కుప్ప మీదే వెనక్కి వాలారట. గిరాకీలు వచ్చి, నిద్ర పోతున్నారనుకుని కాసేపు ఎదురుచూసి వెళ్ళిపోయారు. పరుపుల కొట్టులో కళ్ళు మూసుకున్న మనిషిని ఎవరనుమానిస్తారు? నాకు ఫోనొచ్చినప్పుడు ఒక నవల ఒత్తులు సరిచేస్తున్నాను. ఆ రోజు సరిచేసిన పేజీలన్నీ తప్పులేనని తర్వాత తెలిసింది. నన్ను పెంచినవాళ్ళలో ఆయనొకరు, ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, అంటే "ఏంది, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవారు.

భర్త పోయాక ఇల్లు కదలకుండా ఉండాల్సిన నాలుగు నెలల పది రోజుల గడువు పూర్తయ్యాక పిన్ని ఒక ఆదివారం కబురు చేసింది. "ఆ నవల మిగిలిపోయిందమ్మాయ్. వాడు వచ్చాడో రాలేదో చదువు" అంది. బుల్లి పరుపు మీంచి పలక తీసి చార్జింగ్ పెట్టాను. వాళ్ళు ఆపిన చోటు నుంచి చదివాను. మధ్యాహ్నానికి హీరో రైలు దిగాడు. పిన్ని అరచేత్తో మోకాలి మీద కొట్టుకుని "చెప్పలా!" అంది.

ఆ పేజీలో పైమూల ఒక గుర్తు పెట్టి ఉంది. పేజీ మూల మడిచినట్టు కనపడే గుర్తు, ఎవరో వేలితో నొక్కితేనే పడుతుంది. నొక్కి చూస్తే ఏ రోజు పెట్టారో కూడా చూపిస్తుంది. పందేనికి ముందు వారం.

చెప్పాలా వద్దా అనుకునేలోపే చెప్పేశాను.

పిన్ని మొహం గుమ్మం వైపు తిప్పింది. "అంటే, చివర చదివేశాడా? వాడు వస్తాడని తెలిసే రాడని కాశాడా?"

"అవును పిన్నీ."

"పద పోదాం అని నోటితో అంటే ఏం పోయిందే ఆ మనిషికి?" అని గట్టిగా ఏడ్చేసింది. కళ్ళు పోయినప్పుడు ఏడవలేదు, ఆయన్ని తీసుకెళ్ళిన రోజు కూడా మాటా పలుకూ లేకుండా కూర్చుందని మా అమ్మ చెప్పింది. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని మరీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం చాలాసేపు ఆయన్ని నానా తిట్లూ తిట్టాం.

తర్వాత మొహం కడుక్కుని వచ్చి, కొట్టు చూసుకుంటున్న మేనల్లుణ్ణి పిలిచి రేపు షట్టర్ తియ్యొద్దని చెప్పింది. నన్ను కారు మాట్లాడమంది.

కొత్తపట్నంలో ఎండ ఎక్కక ముందే దిగాం. చేపల పడవలు ఒడ్డుకి లాగుతున్నారు, కేకలు, కాకులు. నా చెయ్యి పట్టుకుని పిన్ని చెప్పులు విడిచి నీళ్ళలోకి నడిచింది. చీర కుచ్చిళ్ళు తడిసినా ఎత్తి పట్టుకోలేదు. అల వచ్చి మోకాళ్ళ దాకా కొట్టి వెళ్ళింది. ఎట్లా ఉందని అడిగాను. చెవి అటు పెట్టి చాలాసేపు విన్నది.

"గెలిచినదాన్ని నేనొచ్చా" అంది. "ఓడినాయనే రాలా."